లేని మంచు

‘చలితోడు’ నవల: పదకొండో భాగం

నిన్న సాయంత్రం మికీతా దక్షిణపు కిటికీ మీద అరచెయ్యి ఆనించి, నిప్పు తగిలినట్టు వెనక్కి తీసుకున్నాడు. సరస్సు జానెడు గడ్డకట్టిన నాడు, నడిమధ్య నుంచి ఒక్క బుడగ కూడా లేకుండా ఏరి, తను కోసి తెచ్చి బిగించిన మంచుగడ్డ పలక అది. ఆ జానెడూ ఇప్పుడు నడుమ దగ్గర రెండు వేళ్ళయింది.

“ఇది కరిగింది కాదు. ఎవరో గీకారు,” అన్నాడు.

పొయ్యి దగ్గరున్న అతని భార్య బలాగియా తల తిప్పకుండానే, “కత్తి ఎవరి చేతిలో ఆడుతోందో వాళ్ళనే అడుగు,” అంది.

ఆ సమయానికి కత్తి పట్టుకుని గడ్డకట్టిన చేపను పొరలు పొరలుగా చెక్కుతున్నది ఇల్జానా.

ఇల్జానా ఆ ఇంటి మనిషి కాదు. చలితోడు. భర్త పోయిన రెండో శీతాకాలంలో, ఒక ఆవునీ అరవామి గడ్డినీ ఐదేళ్ళ కూతురు నాస్తానీ వెంటబెట్టుకుని, మంచు కరిగేదాకా ఒకే పొయ్యి కింద కలిసి బతుకుదామని వచ్చిన మనిషి. రెండిళ్ళు కాగడానికి రెండడవులు కావాలి, ఒక ఇల్లు కాగడానికి ఒక గొడ్డలి చాలు అంటారు అక్కడ. మొదట వెళ్ళిన మూడిళ్ళవాళ్ళూ, మగదిక్కు లేని చలితోడు మాకెందుకన్నారు. నాలుగో ఇంటి గుమ్మంలో మికీతా కూడా నసిగాడు. “మగాడు లేకపోతే ఏం, పిల్ల చేతులు చూడు,” అని ఇల్జానాని లోపలికి పిలిచింది బలాగియానే.

అదే బలాగియా నిన్న వేలు చూపించింది. రాత్రంతా ఇల్జానా గొంతులో ముల్లులా ఉన్నది ఆ వేలే.

తెల్లవారింది అనడానికి లేదు. ఈ రోజుల్లో పగలంటే దక్షిణాన చెట్ల వెనక ఒక ఎర్రటి గీత, దాని మీద కాసేపు విరిగిన పాలలాంటి వెలుతురు. సూర్యుడు తల ఎత్తి చూసేంత ధైర్యం లేక, గట్టు కిందనుంచే నడిచి వెళ్ళిపోతాడు. ఆ కాస్త వెలుతురులోనే గడ్డి తేవాలి, కట్టె కొట్టాలి, సరస్సు మీద గుంట పగలగొట్టి పశువులకు నీళ్ళు పెట్టాలి.

మికీతా గడ్డికి బయలుదేరుతూ బొచ్చు టోపీ చెవుల మీదికి లాక్కున్నాడు.

“నేను వచ్చాక ఒక్క మాట అడుగుతాను ఇల్జానా. ఒక్కసారే అడుగుతాను,” అన్నాడు.

“అడగడానికేముంది?” అంది బలాగియా. “కిటికీ గీకి గీకి ఎవరికోసం చూస్తోందో. పోయిన మొగుడు ఎటూ రాడు. ఇంకెవరినైనా రమ్మందేమో.”

“నువ్వు ఊరుకో.”

“ఊరుకుంటే ఇల్లు గడ్డకడుతుంది.”

“నువ్వు మాట్లాడుతుంటే మటుకు వెచ్చగా ఉందా?” అన్నాడు మికీతా. అతను పరాచికాలాడితే నాస్తా కిసుక్కున నవ్వుతుంది. ఇవాళ నవ్వలేదు. కుందేటి చర్మాల దుప్పట్లోంచి దగ్గింది. గుండె అడుగునుంచి, డొల్లగా.

మికీతా ఆ దగ్గు వైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకున్నాడు.

“నడిచలిలో చలితోడును బయటికి పంపకూడదు. మా తాత మాట, ఆయన తాత మాట. దొంగతనం చేస్తే తప్ప, నిప్పును తిడితే తప్ప, ఇంటి వెచ్చదనం పాడుచేస్తే తప్ప. ఈ మూడోది నా ఇంట్లో వినాల్సొస్తుందనుకోలేదు. మారు పలకలు రెండు తెచ్చాను. ఒకటి కొట్టం కిటికీకి పోయింది, రెండోది ఎద్దు కుమ్మి ముక్కలు చేసింది. ఇది పగిలితే ఎక్కణ్ణుంచి తేను? సరస్సు ఇప్పుడు నా గుండెలదాకా గడ్డ. చేసింది నువ్వే అయితే, రేపు మీ ఆయన పెత్తండ్రి కొడుకు ఇంటికి దింపి వస్తాను. రెండు రోజుల దారి.”

“పిల్లకి దగ్గు, పెదనాయనా,” అంది ఇల్జానా.

“అందుకే అడుగుతున్నాను,” అని తలుపు తోసుకుని వెళ్ళిపోయాడు. అతని వెనకే తెల్లటి పొగలా చలి లోపలికి దొర్లుకుంటూ వచ్చి, నేలంతా పాకి, పొయ్యి దగ్గర ఆగి చచ్చిపోయింది.

ఇల్జానాకు ఎవరు గీకారో తెలుసు. ఇరవై రోజుల నుంచీ తెలుసు.

మొదట తెలిసింది చేతిజోడు వల్ల. బలాగియా కుట్టిన చేతిజోళ్ళంటే చుట్టుపక్కల మూడు సరస్సుల వాళ్ళకీ గొప్ప. ఆమె కుట్టు లెక్కపెట్టాలంటే వెంట్రుకలు లెక్కపెట్టినట్టే అనేవాళ్ళు. ఆమె ఒకనాడు నాస్తాకి కుట్టి ఇచ్చిన జతలో రెండూ ఎడమ చేతివే. నాస్తా తొడుక్కుని, “అవ్వా, నాకు రెండు ఎడమ చేతులొచ్చాయి!” అని గెంతింది. బలాగియా నవ్వి, “నీకు కుడి చెయ్యి దేనికే, పనిచేస్తావా పాడా,” అంది. ఇల్జానా నవ్వలేదు. మర్నాడు చడీచప్పుడు లేకుండా ఒకటి విప్పి తిరగకుట్టింది. తర్వాత చూస్తే, ముసలామె టీ పోసేటప్పుడు గిన్నె అంచు లోపల వేలు పెట్టుకుంటోంది. తలుపు తెరుచుకుంటే వచ్చిందెవరో చెప్పడానికి, అడుగుల చప్పుడు అయ్యేదాకా ఆగుతోంది. నల్లదూడను తెల్లదూడ పేరు పెట్టి పిలిచి, అది రాలేదని తిట్టింది.

ఇక ప్రతిరోజూ, వెలుతురు వచ్చే వేళకి, ఇనుప పార తీసుకుని బల్ల మీదికెక్కి దక్షిణపు కిటికీ గీకేది. మికీతా గడ్డికో కట్టెకో వెళ్ళాకే. “పాడు మంచు. ఎంత గీకినా మళ్ళీ పడుతుంది. ఈ ఏడు పగలే లేదు,” అనేది.

ఇవాళ కూడా ఎక్కింది.

ఇల్జానా చేతిలో గొడ్డలి ఉంది. గడ్డకట్టిన పులిసిన పాలను దుంగ మీద పెట్టి ముక్కలు కొడుతోంది. వెనక గర్రు గర్రుమని మొదలైంది. తల తిప్పి చూసింది. పార కింద నుంచి సన్నటి తెల్లటి పొడి రాలుతోంది. అది పైన పట్టిన మంచు కాదు. పలకే. పలక అద్దంలా ఉంది. అందులోంచి సరస్సూ, అవతలి గట్టూ, ఎద్దు నడిచిన దారీ స్పష్టంగా కనిపిస్తున్నాయి. గాలి కదలని ఆ చలిలో ఎద్దు వదిలిన ఊపిరి దారి పొడుగునా ఇంకా వేలాడుతూనే ఉంది, ఎవరో తెల్లటి ఉన్ని పరిచినట్టు.

ఇన్నాళ్ళూ ఊరుకుంది. ఆ ఇంటి యజమానురాలి పరువు తన నోట పోవడం ఇష్టం లేక ఊరుకుంది. ఈ పూట నాస్తా మళ్ళీ దగ్గింది.

గొడ్డలి కింద పెట్టింది.

“పెద్దమ్మా. ఆ పలక మీద మంచు లేదు.”

చప్పుడు ఆగింది.

“ఏమన్నావే?”

“మంచు లేదు. నిన్నా లేదు, మొన్నా లేదు. పొద్దున్నే నేను తుడుస్తున్నాను. మీరు గీకేది పలకనే.”

“ఓహో! నిన్న దొంగ దొరికింది, ఇవాళ దొంగే సాక్ష్యం చెబుతోంది,” అంది బలాగియా. పారను గాలిలో ఊపింది. “కళ్ళెదుట ఇంత మంచు పేరుకుంటే లేదంటావా? మీ అమ్మ నీకు నోరిచ్చి పంపింది గానీ, కళ్ళివ్వడం మర్చిపోయింది.”

“అయితే చెప్పండి. పెదనాయన ఇంకా సరస్సు దాటలేదు. కనిపిస్తున్నాడా?”

“ఎందుకు కనిపించడు.”

“ఎద్దుకి ఏ పక్కన నడుస్తున్నాడు?”

బలాగియా కిటికీ వైపు తిరిగింది. చాలాసేపు చూసింది. పొయ్యిలో నిలువుగా పేర్చిన దుంగల్లో ఒకటి చిటపటలాడి వంగింది.

“కుడి పక్కన,” అంది. “నలభై ఏళ్ళుగా కుడి పక్కనే నడుస్తాడు.”

“ఇవాళ నడవడం లేదు, పెద్దమ్మా. మోకాలు పట్టేసినట్టుంది. బండి మీద కూర్చున్నాడు.”

ఆ మాట అన్న మరుక్షణమే ఇల్జానాకి నాలుక కొరుక్కోవాలనిపించింది. ముసలామె ముఖంలో కోపం ఉంటే బాగుండును. లేదు. పిల్లలు దాగుడుమూతల్లో దొరికిపోయినప్పుడు పెట్టే ముఖం అది. అరవై ఏళ్ళ మనిషికి ఆ ముఖం నప్పలేదు.

“ఎవరికి చెప్పావు?” అంది గొంతు తగ్గించి.

“ఎవరికి చెబుతాను? ఈ ఇంట్లో ఉన్నది నలుగురం.”

“నేను సూదిలో దారం ఎక్కించమని పిల్లనడిగితే నవ్వుకునేదానివి కదూ.”

“నవ్వలేదు.”

“నవ్వావేమో. నాకెట్లా తెలుస్తుంది? కనిపించదుగా!” అంది బలాగియా. అని తనే నవ్వింది. ఆ నవ్వు సగంలో ఏడుపై, దాన్ని మింగలేక, చేతిలోని పారను విసురుగా గోడకేసి కొట్టింది.

గోడకి కాదు. తగిలింది కిటికీకి.

పైనుంచి కిందికి ఒక్క గీత. సరస్సు మీద చలికి మంచు పగిలేటప్పుడు వచ్చే చప్పుడే, కాకపోతే ఇంటి లోపల. గీత వెంబడి పలక రెండుగా విడిపోయి, కింది అంచు బయటికి వేలెడు జరిగింది. ఆ సందులోంచి చలి కత్తిలా దిగింది. బల్ల మీదున్న టీ గిన్నె ఆవిరి ఒక్కసారి పక్కకు వంగి ఆగిపోయింది.

“నాస్తా! పొయ్యి వెనక్కి పో! దుప్పటితో సహా!” అని అరిచి, ఇల్జానా నీళ్ళ కుండ ఎత్తింది.

“పొయ్యకు!” అంది బలాగియా.

ఇందాకటి గొంతు కాదు. ఇంటి యజమానురాలి గొంతు.

“నీళ్ళు పోస్తే ఉన్నది కూడా విచ్చుకుంటుంది. తొట్టిలో బయటి మంచు వెయ్యి, చన్నీళ్ళు చల్లు, గంజిపిండిలా కలుపు. వేడినీళ్ళు కాదే, చన్నీళ్ళు! తర్వాత లోపల్నుంచి పశువు తోలు పలకకి అదిమిపట్టు. వదిలావంటే చంపుతాను. బయట్నుంచి నేను మెత్తుతాను.”

“మీరు బయటికెలా…”

“ఈ ఇంటి గోడలకి ముప్పై ఎనిమిదేళ్ళుగా పేడ మెత్తుతున్నాను. దానికి కళ్ళు కావాలా?”

తొట్టి చంకన పెట్టుకుని, గోడ పట్టుకుని వెళ్ళిపోయింది. చేతిజోళ్ళు తొడుక్కోలేదు. తడి మంచుకి చేతిజోడు అంటుకుపోతుంది.

ఇల్జానా బల్లెక్కి తోలుతో కింది సగం అదిమిపట్టింది. భుజం ఆనించింది. తోలు లోపలి వైపు అప్పుడే బిర్రబిగుస్తోంది. పై సగం ఇంకా తేటగానే ఉంది. బయట గోడ వెంట చేతులు తడుముకుంటూ వస్తున్న చప్పుడు వినిపించింది. తర్వాత, ఆ తేట పలక అవతల, బలాగియా ముఖం వచ్చి నిలిచింది.

మూరెడు దూరం కూడా లేదు. కనుబొమ్మల మీద తెల్లటి నూగు. కళ్ళు విప్పారి ఉన్నాయి. ఆ కళ్ళు సూటిగా ఇల్జానా కళ్ళలోకే చూస్తున్నాయి. ఇల్జానా అనుకోకుండా తల ఊపింది, ఉన్నానన్నట్టు. అవతలి ముఖంలో ఏ కదలికా లేదు. ఆ కళ్ళకి అటు ఇల్లూ లేదు, ఇటు మనిషీ లేదు.

అప్పుడు ముసలి వేళ్ళు గీత మీదికి వచ్చాయి. పైనుంచి మొదలుపెట్టి, ఒక్క కణుపు ఖాళీ వదలకుండా, తడి మంచును అదుముతూ, నునుపు చేస్తూ కిందికి దిగాయి. అదిమిన చోటల్లా అదిమినట్టే గట్టిపడింది. ఇల్జానా ఆ పని తను చేసి ఉంటే మూడుచోట్ల సందులు వదిలేది. ఆమె వదల్లేదు. చివరికి ఒక పిడికెడు తీసుకుని పలకంతా పూత పూసింది. ఆ పూత కింద ముందు నోరు, తర్వాత ముక్కు, తర్వాత ఆ రెండు కళ్ళూ తెల్లగా మూసుకుపోయాయి.

ఇల్లు చీకటైంది. పొయ్యి వెలుతురు తప్ప ఇంకేమీ లేదు. ఇప్పుడు ఆ ఇంట్లో అందరికీ ఒకే పగలు.

బలాగియా లోపలికి వచ్చేసరికి వేళ్ళు కొవ్వొత్తుల్లా ఉన్నాయి. ఇల్జానా ఆమెను కూర్చోబెట్టి, తన చొక్కా గుండీలు విప్పి, ఆ రెండు చేతుల్నీ తన చంకల్లో పెట్టుకుంది. చలి ఎముకలదాకా దిగింది. పళ్ళు బిగపట్టింది.

“కాలుతున్నాయా?” అంది కాసేపటికి.

“ఇంకా లేదు.”

“కాలితే చెప్పండి. కాలితే వేళ్ళు దక్కినట్టే.”

“నాకు తెలుసులేవే. నువ్వు పుట్టకముందే నాలుగుసార్లు కాలాయి.”

నాస్తా పొయ్యి వెనకనుంచి తల పెట్టి, “అవ్వా, చలి ఎద్దు కిటికీ పొడిచిందా?” అంది. శీతాకాలం ఒక తెల్లటి ఎద్దనీ, దాని రెండు కొమ్ములూ ఒకటి తర్వాత ఒకటి విరిగి పడితేగానీ చలి తగ్గదనీ రోజూ కథ చెప్పేది బలాగియానే.

“పొడిచింది.”

“కొమ్ము ఎప్పుడు విరుగుతుంది?”

“ఇంకా రెండూ గట్టిగానే ఉన్నాయి తల్లీ. పడుకో.”

పిల్ల దగ్గు సర్దుకునేదాకా ఇద్దరూ ఆగారు.

“మా అత్తకి ఇట్లాగే పోయాయి,” అంది బలాగియా, నిప్పు వైపు తిరిగి. “పొగకి పోయాయో, వయసుకి పోయాయో. అప్పటిదాకా, ఎవరూ తాగకముందు, అగ్గికి మొదటి గరిటె మీగడ ఆమే పెట్టేది. ఒకనాడు గరిటె జారి మీగడ బూడిదలో పోసింది. మర్నాటి నుంచి గరిటె నా చేతికొచ్చింది. ఎవరూ ఇవ్వలేదు. నేనే తీసుకున్నాను. ఆమె పడకని కొట్టం తలుపు దగ్గరికి మార్చాను, పశువుల వెచ్చదనం తగులుతుందని చెప్పి. చివరి గిన్నె ఆమెకి పెట్టేదాన్ని. గొంతు పెంచి మాట్లాడేదాన్ని, కళ్ళతోపాటు చెవులు కూడా పోయినట్టు.”

ఇల్జానా ఆ చేతుల్ని ఇంకా లోపలికి అదుముకుంది.

“ఆమె ఒక్కటే అడిగేది. ‘కిటికీ మీద మంచు పట్టిందే, కాస్త గీకు’ అని. మొదట్లో గీకేదాన్ని. పని మీద పని. తర్వాత…” అని ఆగింది. చంకల్లో ఆమె వేళ్ళు కదిలాయి. “తర్వాత పొయ్యి దగ్గర కూర్చునే, ఖాళీ గిన్నె మీద చెంచాతో గర్రు గర్రుమనిపించేదాన్ని. ఆమె విని, ‘ఆఁ, ఇప్పుడు కాస్త వెలుతురొచ్చింది’ అనేది. మూడు శీతాకాలాలు అట్లా చేశాను. నాకు ఎవరైనా వచ్చి మంచు లేదంటే నేనెట్లా నమ్ముతాను? చెంచా చప్పుడు నాకు తెలుసు.”

పొయ్యిలో దుంగలు సర్దుకున్నాయి. బయట చెట్టొకటి చలికి ఫెళ్ళున విచ్చుకుంది.

“కాలుతున్నాయి,” అంది బలాగియా.

“మంచిది.”

“చెప్పకే, ఇల్జానా.”

“చెప్పకపోతే నన్ను పంపుతాడు.”

“నేను ఆపుతాను.”

“నిన్న వేలు చూపించింది మీరు. ఇవాళ ఏం చెప్పి ఆపుతారు? రెండు రోజుల దారి పెద్దమ్మా. ఆ దగ్గుతో అది మొదటి రాత్రి దాటదు.”

“నాకు తెలుసు.”

“తెలిసే చూపించారా?”

ముసలామె చేతులు వెనక్కి లాక్కుంది. లాక్కుని, వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒళ్ళో పెట్టుకుంది.

“అప్పుడు కొట్టం తలుపే కనిపించింది నాకు,” అంది. “ఇంకేమీ కనిపించలేదు.”

మంచు మీద జారే బండి అడుగు పలకలు కీచుమన్న చప్పుడు దూరంగా మొదలైంది. బలాగియా లేచి టీ కుండ పొయ్యి మీదికి జరిపింది. ఇల్జానా గొడ్డలి తీసి మిగిలిన పాలగడ్డ కొట్టింది. ఎవరి పని వాళ్ళు చేశారు.

మికీతా ఎద్దును విప్పకుండానే లోపలికి వచ్చాడు. గడ్డాన్ని కమ్మిన మంచుని చేత్తో విరిచి పొయ్యిలో వేశాడు. చీకటి చూశాడు. కిటికీ దగ్గరికి వెళ్ళి, పూతను గోటితో తట్టి చూశాడు. గీత ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో వేలితో కొలిచాడు.

“ఎవరు మెత్తారు?”

“నేను,” అంది బలాగియా.

“బాగా మెత్తావు. వారం ఆగుతుంది,” అని వచ్చి తన చోట కూర్చున్నాడు. టోపీ మోకాలి మీద పెట్టుకున్నాడు. “ఇల్జానా. అడుగుతానన్నాను. నిప్పు ముందు అడుగుతున్నాను. కిటికీ గీకింది నువ్వేనా?”

నిప్పు ముందు అబద్ధమాడకూడదు. అది ఇంట్లో అందరికంటే పెద్దది, దానికి చెవులున్నాయి అంటారు. ఇల్జానా మంట వైపు చూసింది. ఔనంటే అబద్ధం, తనకూ పిల్లకూ చావు. కాదని పేరు చెబితే నిజం. ఆ నిజం చెప్పిన రోజే ఈ ముసలామె పడక కొట్టం తలుపు దగ్గరికి పోతుంది. నాలుగో గుమ్మంలోంచి, పిల్ల చేతులు చూడు, అన్న గొంతు గుర్తొచ్చింది.

“నేను కాదు, పెదనాయనా.”

“మరి?”

“అది నేను చెప్పను.”

“చెప్పవా, తెలియదా?”

“చెప్పను.”

మికీతా తల వంచుకున్నాడు. చాలాసేపు టోపీ బొచ్చును వేళ్ళతో ఒక పక్కకు దువ్వాడు. అతనికి కోపం వస్తే తేలిక. అతనిది కోపం కాదు, అలసట.

“ఇంట్లో నలుగురున్నారు. నేను కాదు. పసిది పలక అందుకోలేదు. నువ్వు కాదంటావు. అంటే నా ముసల్ది తన ఇంటిని తనే గీక్కుందంటావా? ఆ మాట అనలేక చెప్పనంటున్నావు,” అన్నాడు. “అది నాకు జవాబు కాదమ్మా. మూట కట్టుకో. నా ఇంట్లో నమ్మకం పోయాక పొయ్యి ఎంత మండినా లాభం లేదు.”

ఇల్జానా తల ఊపింది. లేచి, మెత్తటి తోలు జోళ్ళతో చప్పుడు కాకుండా పొయ్యిని చుట్టి అవతలి పక్కకు వెళ్ళి, నాస్తా పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, దుప్పటి అంచులు సర్దసాగింది.

టీ కాగింది. ఎవరూ తాగకముందు అగ్గికి పెట్టాలి. బలాగియా మీగడ కుండలో గరిటె ముంచింది. నల్లబడిన పాత చెక్క గరిటె, పిడి మీద ముగ్గురు కోడళ్ళ బొటనవేళ్ళకి అరిగిన గుంట. దాన్ని పైకెత్తింది. మంట వైపు చాచలేదు.

“ఇల్జానా,” అంది.

గొంతు గట్టిగానే ఉంది.

“ఇది పట్టుకో. ఇవాల్టి నుంచి అగ్గికి నువ్వు పెట్టు.”

గరిటెను కుడి వైపుకి చాచింది. ఇందాక ఇల్జానా కూర్చుని ఉన్న చోటికి. అక్కడ ఇప్పుడు కొట్టేసిన పాలగడ్డ ముక్కలూ గొడ్డలీ తప్ప ఎవరూ లేరు. ఎవరూ లేని ఆ చోటు వైపు తిరిగి, కళ్ళు పైకెత్తి, బలాగియా ఎదురుచూసింది. మీగడ అంచునుంచి ఒక్కో చుక్కే నేల మీద పడింది.

“తీసుకోవే,” అంది. “చేతులు నొప్పెడుతున్నాయి.”

పొయ్యి అవతల ఇల్జానా కదల్లేకపోయింది. ఆమె చూస్తున్నది ముసలామెను కాదు, మికీతాను. మికీతా గరిటె వైపు చూశాడు. గరిటె చాచిన ఖాళీ వైపు చూశాడు. భార్య కళ్ళ వైపు చూశాడు. ఆ చూపు అక్కడే ఆగింది. ఆ తర్వాత మెల్లగా తిరిగి, తెల్లగా పూత పూసిన కిటికీ మీదికి వెళ్ళింది.

మోకాలి మీది టోపీని చేతిలోకి తీసుకున్నాడు.

లేచాడు. గరిటె అందుకుంటాడనుకుంది ఇల్జానా. అతను టోపీ పెట్టుకున్నాడు. “ఎద్దును విప్పలేదు,” అని ఎవరికీ కాకుండా అని, తలుపు తోసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

“వెళ్ళాడా?” అంది బలాగియా. గరిటె ఇంకా గాలిలోనే ఉంది. అప్పుడు ఇల్జానా వచ్చి, ఆమె చేతిమీద చెయ్యి వేసింది. చెయ్యి వచ్చిన దిక్కు తెలిసి ముసలామె ఉలిక్కిపడింది. తను ఏ వైపుకి చాచిందో, ఎవరికి కనిపించిందో ఆమెకి అప్పుడర్థమైంది.

“చూశాడా?”

“చూశాడు, పెద్దమ్మా.”

బయట గడ్డి మోపులు దించుతున్న చప్పుడు. ఒకటి, రెండు, మూడు. తర్వాత కాసేపు ఏమీ లేదు. ఇక కాడి తాడు విప్పాలి. ఎద్దు తల విదిలించి, గంట ఒకసారి మోగి, కొట్టం తలుపు కిర్రుమనాలి. రోజూ వరస అదే. ఇల్జానా ఊపిరి బిగపట్టి వింది. ఆమెకి ఏమీ తెలియలేదు.

బలాగియా తల ఒక పక్కకు వాల్చింది. ఆ ముఖంలో చర్మం మెల్లగా బిగుసుకుంది.

“విప్పడం లేదు,” అంది. “తాడు బిగిస్తున్నాడు. బండి తిప్పాడు. బండి మీద ఎలుగు తోలు పరిచాడు, మనుషులు కూర్చోడానికి.”

“ఈ చీకట్లోనా? ఎవరి కోసం?”

గరిటెలో మిగిలిన మీగడ మంటలో పడి చుర్రుమంది. ఎవరి చెయ్యి ఒంపిందో ఇద్దరికీ తెలియదు.

“చప్పుడు అంతవరకే చెబుతుంది పిల్లా,” అంది బలాగియా. “నీకోసమో, నాకోసమో చెప్పదు.”

అడుగులు తలుపు వైపు వస్తున్నాయి.